స్క్రాపీ డూ వల్లే స్కూబీ డూ పాడైందా?

కాదు, స్కూబీ అనే పిరికి కుక్క, అతడి నలుగురు స్నేహితులు దయ్యాల గుట్టు విప్పే అమెరికన్ కార్టూన్ స్కూబీ డూ ఆగిపోయే స్థితికి చేరినప్పుడు, దానిని నిలబెట్టడానికే 1979లో స్క్రాపీ డూ అనే కుక్కపిల్లను తీసుకువచ్చారు. 1969లో మొదలైన ఆ ధారావాహిక పదేళ్లపాటు ఒకే మూసలో నడిచి ఆదరణ కోల్పోతుండగా, ప్రసార సంస్థ ఏబీసీ దానిని కొనసాగించడానికి వెనుకాడిన సమయంలో, దాని నిర్మాణ సంస్థ హానా-బార్బెరా స్కూబీకి మేనల్లుడిగా స్క్రాపీని సృష్టించింది. దయ్యం కనబడగానే స్కూబీ, అతడి స్నేహితుడు షాగీ పరుగు లంకించుకుంటే, పిడికెడంత స్క్రాపీ దానిమీదికే దూకబోతాడు. చివరికి మేనమామే అతడిని ఎత్తుకుని పారిపోవలసి వస్తుంది. ఆ హాస్యం పిల్లలకు నచ్చింది, కార్టూన్ బతికింది.

చిన్నప్పుడు కేబుల్ టీవీలో దీనిని చూసి, ఇప్పుడు పలాసలోనో చీపురుపల్లిలోనో తమ పిల్లలతో కలిసి మళ్లీ చూస్తున్నవారిలోనూ ఒక అపోహ ఉంది: మిగతా ముగ్గురు స్నేహితులు ఫ్రెడ్, డాఫ్నీ, వెల్మా కనుమరుగైంది స్క్రాపీ వల్లేనని. నిజానికి 1980లో కథలను చిన్న భాగాలుగా కుదిస్తూ ఆ ముగ్గురినీ పక్కనపెట్టింది నిర్మాతలే. 2002 నాటి స్కూబీ డూ చలనచిత్రం స్క్రాపీనే ప్రతినాయకుడిగా చూపడంతో పాత ద్వేషం మరింత ముదిరింది. అతడి వాగుడు విసిగిస్తుందన్న ఫిర్యాదు మాత్రం న్యాయమైనదే.