గోల్‌పోస్టు కట్టెలే పెరికి కొట్టుకున్నారు

"ఫుట్‌బాల్ అభిమానులు స్టేడియంలో అంతలా ఎందుకు కొట్టుకుంటారు, దానివల్ల ఆటకేమన్నా నష్టం ఉందా?" అని అడిగారు. ఎందుకు కొట్టుకుంటారో నాకు కొంచెం తెలుసు, ఒకసారి ఆ గుంపులో నేనూ ఉన్నా కాబట్టి.

మాది కావలి. కాలేజీలో చదివే రోజుల్లో సముద్రం పక్కన మా మేనమామ వాళ్ల ఊళ్లో సంక్రాంతికి ఫుట్‌బాల్ టోర్నమెంట్ పెట్టేవాళ్లు. ఇసక నేల, సరుగుడు కట్టెలు పాతి గోల్‌పోస్టులు, ముగ్గుపిండితో గీతలు, మైకులో ఆగకుండా మాట్లాడే ఒకాయన. ఆ ఏడు ఫైనల్‌కి పక్క ఊరి వాళ్లు ట్రాక్టర్లలో దిగారు. నేను ఆడలేదు, మామ కొడుకు ఆడుతుంటే నీళ్ల క్యాను మొయ్యడానికి పోయా. ఇంకాసేపట్లో అయిపోతుందనగా రెఫరీగా ఉన్న పీఈటీ సారు మా మీద పెనాల్టీ ఇచ్చాడు. బంతి చేతికి తగిలిందని వాళ్లు, భుజానికని మావాళ్లు. నిజానికి చేతికే తగిలింది, నేను కళ్లారా చూశా, అయినా "భుజం, భుజం" అని గొంతు చించుకుని అరిచినవాళ్లలో నేనూ ఒకణ్ణి. తాగి వచ్చినవాళ్లు పట్టుమని పదిమంది ఉండరు. మొదలుపెట్టింది వాళ్లే, కానీ ఎగదోసింది మేమే. ఐదు నిమిషాల్లో గోల్‌పోస్టు కట్టెలే పెరికి కొట్టుకున్నారు. పోలీసులొచ్చి దొరికినోణ్ణి దొరికినట్టు బాదారు, నా పిక్క మీద కూడా ఒకటి పడింది, క్యాను చేతిలో ఉండగానే.

మరుసటి ఏడు పర్మిషన్ రాలేదు. గట్టు మీద పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని చూసే ఆడవాళ్లకీ, మరమరాలు అమ్ముకునే పెద్దామెకీ కూడా పండగ పూట ఆట లేకుండా పోయింది.

పెద్ద ఆటలోనూ ఇదే కథ, కాకపోతే అక్కడ ప్రాణాలు పోయాయి. 1985 మే 29న బ్రస్సెల్స్ హేసెల్ స్టేడియంలో యూరప్ క్లబ్బులు ఆడే యూరోపియన్ కప్ ఫైనల్‌కి ముందు ఇంగ్లాండ్ క్లబ్బు లివర్‌పూల్ అభిమానులు కొందరు అవతలి జట్టు వాళ్ల మీదికి దూసుకుపోతే, తప్పించుకోబోయిన జనం గోడ దగ్గర నలిగిపోయారు, గోడ కూలింది, 39 మంది చనిపోయారు, అందులో ఎక్కువమంది ఆ అవతలి జట్టు యువెంటస్ కోసం వచ్చిన ఇటలీ వాళ్లు. ఇంగ్లాండ్ క్లబ్బులన్నిటినీ ఐదేళ్లు, లివర్‌పూల్‌ని ఆరేళ్లు యూరప్ పోటీల నుంచి బయట పెట్టారు. అదే ఊరి ఎవర్టన్ ఆ ఏడాది లీగ్ గెలిచి కూడా యూరోపియన్ కప్ ఆడలేకపోయింది, వాళ్లేం చేశారు పాపం?

నాకు ఇంకా మింగుడు పడనిది హిల్స్‌బరో స్టేడియంలో జరిగింది. జనం గ్రౌండులోకి దిగి గొడవ చేస్తారనే భయంతో ఇంగ్లాండ్‌లో స్టాండ్ల ముందు ఇనప కంచెలు కట్టారు. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్ ఊళ్లో ఉన్న ఆ స్టేడియంలో అలాంటి కంచెకే లివర్‌పూల్ అభిమానులు అదుముకుపోయారు. చనిపోయినవాళ్లు 97 మంది, చివరి ఆయన 2021లో. వీళ్లే తాగొచ్చి తోసుకున్నారని పోలీసులు చెప్పారు, కొన్ని పేపర్లు రాశాయి, చాలామంది నమ్మారు కూడా, ఎందుకంటే ఫుట్‌బాల్ జనమంటే రౌడీలని అప్పటికే ముద్ర పడిపోయింది. అభిమానుల తప్పేమీ లేదని విచారణ జ్యూరీ తేల్చేసరికి 2016 వచ్చింది. కన్నవాళ్లు 27 ఏళ్లు ఆ మాట పడ్డారు.

2022 అక్టోబర్ 1న ఇండోనేషియా మలాంగ్‌లో సొంత జట్టు ఓడిపోయిందని జనం గ్రౌండులోకి దిగితే పోలీసులు టియర్ గ్యాస్ వదిలారు, గేట్ల దగ్గర తొక్కిసలాటలో 135 మంది పోయారు. స్టాండ్లలో కదలకుండా కూర్చున్నవాళ్ల మీదికీ ఆ గ్యాస్ పోయింది. నా పిక్క మీద దెబ్బ గుర్తొచ్చింది ఆ వార్త చదివినప్పుడు.

ఇంగ్లాండ్‌లో ఇప్పుడు గొడవ చేసినవాణ్ణి గుర్తుపట్టి, స్టేడియం దరిదాపుల్లోకి రాకుండా కోర్టు ఆర్డరు ఇస్తారు. అందరికీ కంచె కట్టడం కన్నా అదే నయం.

మా మామ వాళ్ల ఊళ్లో ఇప్పుడు సంక్రాంతికి వాలీబాలే. ఆ పీఈటీ సారు చాలా ఏళ్ల తర్వాత కావలి బస్టాండులో కనిపించి, నన్ను గుర్తుపట్టి, "ఏందబ్బయ్యా, ఇంతకీ భుజమా, చెయ్యా?" అన్నాడు.

"చెయ్యే సార్" అన్నా.