తూటాలు కరువైన రోజుల్లో గురి సాధన: మేనకోడలికి ఒక లేఖ

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. షూటింగ్ రేంజ్‌లో పాయింట్ టూ టూ (0.22 అంగుళాల) తూటాలు మనిషికి ఒక పెట్టెకు మించి ఇవ్వడం లేదనీ, తరువాతి పెట్టె ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేకపోతున్నారనీ, సరఫరా కుదుటపడే దాకా రైఫిల్‌కు తాళం వేసి వేరే వ్యాపకం చూసుకుందామనుకుంటున్నాననీ రాశావు. తాళం వేయవద్దని చెప్పడానికే ఇంత పొడుగు లేఖ రాస్తున్నాను. నలభై ఏళ్లుగా ఈ సరదాలో ఉన్నవాణ్ణి కనుక ఇలాంటి కరువులు ఇదివరకే చూశాను. ప్రతిసారీ కొందరు ఆట మానుకున్నారు, కొందరు అరువు తెచ్చుకుని నెట్టుకొచ్చారు, ఒకరిద్దరు మాత్రం కరువు తీరేసరికి మునుపటికంటే మెరుగ్గా కాలుస్తూ కనిపించారు. ఆ ఒకరిద్దరి దగ్గర దాచిపెట్టిన తూటాలేమీ లేవు. ప్రతి తూటానూ దేనికోసం కాలుస్తున్నామో ముందుగా తేల్చుకోవడం మాత్రమే వాళ్లు అలవాటు చేసుకున్నారు.

నిన్నొక మాట అడుగుతాను, నొచ్చుకోకు. పోయిన నెలలో నువ్వు కాల్చిన తూటాలలో ఎన్నింటి గురించి, అది ఎందుకు అక్కడ తగిలిందో చెప్పగలవు? నీ వయసులో నన్నడిగితే పదింటికి ఒకటి కూడా చెప్పలేకపోయేవాణ్ణి. పెట్టెలో 50 ఉంటే 50 అయ్యేదాకా కాల్చడమే సాధన అనుకునేవాణ్ణి. నిజానికి గురి కుదరడానికి కావలసిన పనిలో చాలా భాగం, నిలబడటం, ఊపిరి, చూపు, ట్రిగ్గర్ మీద వేలు, పేలిన తరువాత కదలకుండా ఉండటం, ఇవన్నీ తూటా లేకుండానే నేర్చుకోదగినవి. నేర్చుకున్నది సరిగా వచ్చిందో లేదో చూసుకోవడానికి మాత్రమే తూటా కావాలి.

ఈ కరువు ఎందుకు వస్తుందో కూడా కొంచెం తెలుసుకో, లేకపోతే పక్కవాళ్ల కంగారు నీకూ అంటుకుంటుంది. తూటాలో ఉండేవి ప్రధానంగా నాలుగు: సీసపు గుండు, పేలుడు మందు, వీటిని పట్టి ఉంచే ఇత్తడి గొట్టం, నిప్పు రాజేసే రసాయనం. ఈ చివరిదాన్ని తయారుచేసే కర్మాగారాలు తక్కువ, పని ప్రమాదకరమైనది కనుక కొత్తవి చప్పున పుట్టుకురావు. గిరాకీ ఒక్కసారిగా పెరిగితే వరుస అంతా అక్కడే ఆగిపోతుంది. ఆ పైన జనం భయపడి అవసరానికి మించి కొంటారు. 2013 ప్రాంతంలో అమెరికాలో పాయింట్ టూ టూ తూటాలు దుకాణాలలో కనబడకుండా పోయినప్పుడూ, 2020లో మహమ్మారి వచ్చినప్పుడూ ఈ భయపు కొనుగోళ్లే కరువును పెంచాయి. నీ తూటాకు ఇంకొక చిక్కు ఉంది. పెద్ద తూటాలకు అడుగున విడిగా ఆ రసాయనం ఉన్న ఒక చిన్న క్యాప్ ఉంటుంది, దాన్ని మార్చి గొట్టాన్ని మళ్లీ నింపుకోవచ్చు. నీ తూటాలో ఆ రసాయనం అడుగు అంచు మడతలోనే ఉంటుంది. తుపాకీలోని పిన్ను ఆ అంచును నొక్కి పేలుస్తుంది కనుక ఒకసారి పేలిన గొట్టం మళ్లీ పనికిరాదు. కాబట్టి నింపుకుందామనే ఆలోచన పెట్టుకోకుండా ఉన్నవాటిని ఎలా వాడాలో చూద్దాం.

ముందుగా ఖాళీ తుపాకీతో చేసే సాధన, అంటే డ్రై ఫైరింగ్. దీన్ని గురించి ఎక్కువ రాస్తున్నానని విసుక్కోకు, ఈ లేఖలో నీకు అన్నిటికంటే ఉపయోగపడేది ఇదే. మీ చట్టం, నీ లైసెన్సు అనుమతిస్తే ఇంట్లో చెయ్యి, లేకపోతే రేంజ్‌లోనే ఒక మూల చేసుకో. తుపాకీని ఖాళీ చేసి, అందులో తూటా కూర్చునే గదిని (ఛాంబర్‌ను) కంటితో ఒకసారి, చిటికెన వేలితో ఒకసారి తడిమి చూడు. తూటాలను అదే బల్ల మీద పక్కకు జరిపితే చాలదు, వేరే గదిలో పెట్టి తలుపు వెయ్యి. తుపాకీ గొట్టం ఎదురుగా గుండు దూరలేని గోడ ఉండాలి, ఆ గోడ అవతల మనుషులు తిరిగే చోటు ఉండకూడదు. సాధన అయిపోయాక అయిపోయిందని నోటితో పైకి చెప్పుకుని వెంటనే తుపాకీని తాళంలో పెట్టు. ఇది చాదస్తం కాదు. సాధన ముగించి, తుపాకీ నింపుకుని, "ఇంకొక్కసారి చూద్దాం" అని ట్రిగ్గర్ నొక్కి గోడకు చిల్లు పెట్టినవాళ్లు అనుభవజ్ఞులలోనే ఎక్కువ, ఎందుకంటే కొత్తవాళ్లకు ఇంకా భయం ఉంటుంది.

ఇంకొక జాగ్రత్త. అంచు పేలే రైఫిళ్లలో కొన్నింటిని పూర్తిగా ఖాళీగా నొక్కితే పిన్ను నేరుగా ఛాంబర్ అంచుకు తగిలి అక్కడ చిన్న నొక్కు పడుతుంది. నా మొదటి రైఫిల్‌కు నేనే అలా నొక్కు పెట్టాను, తరువాత పేలిన తూటాల ఖాళీ గొట్టాలు బయటికి రాక నానా తిప్పలూ పడ్డాను. నీ రైఫిల్‌తో వచ్చిన పుస్తకంలో ఖాళీగా నొక్కవచ్చని రాసి ఉంటే సరే, లేకపోతే స్నాప్ క్యాప్ అనే ఉత్తుత్తి తూటా పెట్టుకుని నొక్కు. అది నిజమైన తూటాతో పొరబడని రంగులో ఉండేటట్లు చూసుకో.

ఇక సాధన. మొదటి పది నిమిషాలు లక్ష్యం పెట్టుకోవద్దు. ఎదురుగా తెల్లని గోడ మాత్రమే ఉండాలి. ముందు సైట్, అంటే గొట్టం చివర గురి చూసే గుర్తు, దాని మీద చూపు ఉంచి ట్రిగ్గర్ నొక్కు, క్లిక్కుమన్నప్పుడు ముందు సైట్ ఎటు కదిలిందో గమనించు. నల్లచుక్క ఎదుట లేనప్పుడు మనసు దాన్ని పట్టుకోవాలని ఆరాటపడదు కనుక వేలు చేసే తప్పు చక్కగా కనబడుతుంది. తరువాత లక్ష్యం పెట్టుకో. 50 మీటర్ల రైఫిల్ లక్ష్యంలో నల్లని వృత్తం వ్యాసం 112.4 మిల్లీమీటర్లు, నడిమిన పది పాయింట్ల గీత వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. నీ కంటి నుంచి 5 మీటర్ల దూరంలో గోడకు అంటిస్తే అందులో పదో వంతు, అంటే దాదాపు 11 మిల్లీమీటర్ల నల్లచుక్క అదే పరిమాణంలో కనబడుతుంది. కాగితం మీద పెన్నుతో గీసుకున్నా సరిపోతుంది. భంగిమలోకి వచ్చి, గురి చూసి, కళ్లు మూసుకుని రెండు శ్వాసలు తీసుకుని కళ్లు తెరువు. సైట్ చుక్క మీదనే ఉంటే నీ శరీరం సహజంగా అటే చూస్తోందన్నమాట. పక్కకు పోయి ఉంటే చేతులతో లాగి సరిచేయవద్దు, పాదాలను లేదా మోచేతిని జరుపు. ఈ ఒక్కటి ఒంటబడితే నీ గుండ్లు పక్కలకు చెదరడం సగానికి సగం తగ్గుతుందని నా అనుభవం.

క్లిక్కు తరువాత కనీసం రెండు క్షణాలు అలాగే గురి చూస్తూ ఉండు. ఆ క్లిక్కు వినబడిన క్షణాన సైట్ ఎక్కడ ఉందో మనసులో చెప్పుకో: "తొమ్మిది పాయింట్లు, గడియారంలో మూడు గంటల వైపు" అనో, "పది, కొంచెం కింద" అనో. దీన్ని రాసుకోవాలి. రోజుకు ముప్పై సార్లకు మించి చేయవద్దు, అలసిన తరువాత చేసేది తప్పులకు సాధన అవుతుంది. మీ క్లబ్బులో స్కాట్ వంటి ఎలక్ట్రానిక్ పరికరం ఉంటే అది గొట్టం కదలికను తెరమీద గీసి చూపిస్తుంది, అప్పుడప్పుడు వాడుకో, లేదని బెంగపెట్టుకోవద్దు.

ఎయిర్ రైఫిల్ గురించి నువ్వు రాసిన మాట నాకు నచ్చలేదు. అది పిల్లల ఆట కాదు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. ఆ లక్ష్యంలో పది అంటే అర మిల్లీమీటరు చుక్క. పెల్లెట్ అంటే 4.5 మిల్లీమీటర్ల, సుమారు అర గ్రాము సీసం మాత్రమే; దానికి మందూ అక్కరలేదు, క్యాప్ అక్కరలేదు, కనుక తూటాల కరువు దాన్ని అంతగా తాకదు. పైగా పెల్లెట్ నీ తూటాకంటే నెమ్మదిగా గొట్టంలోంచి బయటికి వస్తుంది, ఆ కాస్త ఆలస్యంలో నువ్వు కదిలితే కాగితం మీద తెలిసిపోతుంది. క్లబ్బులో ఒకటి దొరికితే వారానికి ఒకరోజు దానితో 60 షాట్లు, పోటీలో లాగా 75 నిమిషాల లోపల కాల్చు. ఒక్కటి గుర్తుంచుకో: స్ప్రింగుతో పనిచేసే ఎయిర్ రైఫిల్‌ను పెల్లెట్ లేకుండా పేల్చవద్దు, పిస్టన్ గట్టిగా కొట్టుకుని పాడవుతుంది. పోటీ రైఫిళ్లలో చాలావాటికి ఖాళీ సాధన కోసం విడిగా ఒక మీట ఉంటుంది. సీసం తాకిన చేతులను సబ్బుతో, చన్నీళ్లతో కడుక్కున్నాకే ముఖం తుడుచుకో.

ఇప్పుడు నీ దగ్గరున్న పెట్టె సంగతి. దాన్ని రెండు రోజులకు పంచు, రోజుకు 25. లక్ష్యం కాగితం వెనక ఇంకొక కాగితాన్ని అంటించు. ముందు కాగితాన్ని ఐదు గుండ్లకొకసారి మార్చు, వెనక కాగితాన్ని మార్చవద్దు. ముందు కాగితాలు ఒక్కొక్క గ్రూపును, అంటే ఆ ఐదు గుండ్ల చిల్లుల గుంపును, విడివిడిగా చూపిస్తాయి, వెనకది ఆ రోజంతా కలిపి నువ్వెలా కాల్చావో చూపిస్తుంది. మూడు గుండ్ల గ్రూపు ఒకటి ముచ్చటగా వచ్చిందని మురిసిపోవద్దు. మూడు గుండ్లు దగ్గరగా పడటానికి అదృష్టం చాలు. అలాగే ఒక గుండు ఎడమకు పోయిందని వెంటనే సైట్ తిప్పవద్దు. ఐదూ పడ్డాక వాటి నడిమి ఎక్కడుందో చూసి, అప్పుడు తిప్పు. సైట్‌ను గుండు వెంట పరిగెత్తించి పది తూటాలు పారబోసుకున్న రోజులు నాకు లెక్కలేనన్ని ఉన్నాయి.

ప్రతి గుండు తరువాత, టెలిస్కోపులో చూడకముందే, అది ఎక్కడ పడి ఉంటుందో పుస్తకంలో రాయి. తరువాత చూడు. నువ్వు రాసినదీ పడినదీ ఒకటే అయితే, అది ఎనిమిదే అయినా సరే, ఆ తూటా వృథా కాలేదు. పది పడి, నువ్వు ఎనిమిది అని రాసి ఉంటే ఆ పదికి సంబరపడకు.

పేలుడుకు ముందే ఉలిక్కిపడే అలవాటు నీకుందని మీ అమ్మ చెప్పింది. దానికి మందు ఉంది, తూటాలూ పెద్దగా ఖర్చుకావు. తుపాకీ సంగతి తెలిసిన స్నేహితురాలిని పక్కన పెట్టుకుని, నువ్వు అటు తిరిగి ఉండగా ఆమె చేత రైఫిల్ నింపించు. ఒకసారి నిజమైన తూటా, నాలుగుసార్లు స్నాప్ క్యాప్, ఎప్పుడు ఏది అన్నది నీకు తెలియకూడదు. గొట్టం మాత్రం ఎప్పుడూ లక్ష్యం వైపే ఉండాలి. ఉత్తుత్తి తూటాకు గొట్టం కిందికి వాలితే కారణం నీకే కనబడుతుంది. పాతిక సార్లు చేస్తే ఖర్చయ్యేవి ఐదు తూటాలు.

గొట్టం శుభ్రం చేసే విషయంలో నా మాట విను, చాలామంది ఒప్పుకోకపోయినా. అంచు పేలే రైఫిల్ గొట్టాన్ని ప్రతిసారీ తళతళలాడేటట్లు తుడిస్తే, మళ్లీ స్థిరపడటానికి తొలి గుండ్లు కొన్ని అటూ ఇటూ పడతాయి. కరువులో అవి దండగ. తేమ పట్టకుండా చూసుకో, గ్రూపులు పెద్దవవుతున్నప్పుడు శుభ్రం చెయ్యి. బ్రాండు మార్చినా అంతే: గుండు మీది మైనం వేరు, వేగం వేరు, తగిలే చోటు వేరు. కాబట్టి వారానికొక రకం దొరికిందని ఎగబడకుండా, దొరికినంతలో ఒకే రకం, వీలైతే పెట్టె మీద ఒకే లాట్ నంబరు, అంటే ఒకే విడతలో తయారైనట్లు చెప్పే నంబరు, ఉన్నవి తీసుకో. నలుగురు కలిసి ఒకే లాట్ కొని పంచుకుంటే ఇంకా మంచిది. లైసెన్సు పరిమితిని మాత్రం ఒక్క తూటా కూడా దాటవద్దు.

ఏది దొరికితే అది కొనవద్దని మరీమరీ చెబుతున్నాను. పెట్టె లేని తూటాలు, ఎవరో ఇంట్లో నింపినవి, పచ్చగా చిలుము పట్టినవి, ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. పాయింట్ టూ టూ మాగ్నం వేరు, నీ తూటా వేరు. పేరులో అంకె ఒకటే అయినంత మాత్రాన సరిపోదు. మీ స్నేహితులలో షాట్‌గన్ వాడేవాళ్లకు ఇది చెప్పు: గేజ్ అనే కొలతలో అంకె పెద్దదైతే తూటా సన్నం కనుక 20 గేజ్ తూటా 12 గేజ్ గొట్టంలోకి జారి మధ్యలో ఇరుక్కుంటుంది, దాని వెనక 12 గేజ్ తూటా పెట్టి పేలిస్తే గొట్టం బద్దలవుతుంది. 20 గేజ్ తూటాలను పసుపు రంగులో చేసేది ఆ పొరపాటు జరగకుండా ఉండటానికే. నీ తూటా క్లిక్కుమని పేలకపోతే గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగి, ఆ తరువాతే బయటికి తీయి, ఆలస్యంగా పేలేవి ఉంటాయి. చప్పుడు మామూలుకంటే బలహీనంగా వినబడితే ఇంకొకటి కాల్చవద్దు. రైఫిల్ ఖాళీ చేసి, గుండు గొట్టంలో ఇరుక్కుందేమో చూపించుకో.

మిగిలిన తూటాలను వాటి పెట్టెలోనే, పొడిగా, చల్లగా ఉండే చోట, తాళం వేసి ఉంచు. అలా ఉంచితే ఏళ్ల తరబడి చెడవు కనుక పాతబడతాయేమోనని గబగబా కాల్చెయ్యనక్కరలేదు.

వచ్చే రెండు వారాలు తూటా ముట్టకుండా గోడ ముందే సాధన చెయ్యి. ఆ తరువాత రేంజ్‌కు వెళ్లి 25 కాల్చి, ఆ వెనక కాగితాన్నీ, నువ్వు ముందుగా రాసుకున్న పుస్తకం పేజీనీ నాకు పంపించు. నువ్వు తెలివైనదానివి కనుక బాగా పడిన ముందు కాగితాలను ఏరి పంపాలని చూస్తావు. నాకు అవి వద్దు, వెనక కాగితమే కావాలి.

ఇట్లు,
మామయ్య