ధనుర్మాసంలో ఐస్ హాకీ

ప్రశ్న: అన్నయ్యా, కెనడా వచ్చి రెండేళ్లయింది. రూమ్మేట్లతో చూసి చూసి ఐస్ హాకీ పిచ్చి పట్టింది. క్రిస్మస్ సెలవులకి రాజోలు దగ్గర మా ఊరు వెళ్తున్నాను. వరల్డ్ జూనియర్స్ (ఇరవై ఏళ్లలోపు కుర్రాళ్ల ప్రపంచ ఐస్ హాకీ పోటీ) అక్కడి నుంచి ఆన్‌లైన్‌లో చూసే దారి ఏమైనా ఉందా?

ఉంది తమ్ముడూ. కాకపోతే ఆ ఏర్పాటు విమానం ఎక్కకముందే ఇక్కడ చేసుకోవాలి. ఊళ్లో దిగాక వెతుక్కుంటే నాకు పట్టిన గతే నీకూ పడుతుంది.

మాది అమలాపురం పక్కన పల్లె. టొరంటో వచ్చాక మొదటిసారి డిసెంబరులో ఇంటికి వెళ్లినప్పుడు, ఇక్కడ రోజూ చూసే యాప్ అక్కడ తెరిస్తే ‘మీ ప్రాంతంలో అందుబాటులో లేదు’ అని వచ్చింది. తెల్లారుజాము, మ్యాచ్ మొదలైపోతోంది, టెన్షన్. గూగుల్‌లో దొరికిన ఏదో సైటు ‘ఉచితం’ అంటూనే కార్డు నంబరు అడిగింది. ఇచ్చేశాను. బొమ్మ రాలేదు గానీ, నాలుగో రోజున కార్డులోంచి డబ్బు పోయింది. కార్డు ఆపేద్దామని బ్యాంకు యాప్ తెరిస్తే, కోడ్ కెనడా నంబరుకి పంపామంది. ఆ సిమ్ టొరంటోలో బీరువా సొరుగులో ఉంది, నేను కాలవ గట్టు మీద ఉన్నాను.

కాబట్టి మొదటి పని, కెనడా సిమ్ తీసి దాచెయ్యకు. ఫోన్లో రెండో సిమ్‌గా ఉంచు, రోమింగ్‌లో మెసేజ్‌లు అందుతాయో లేదో, ఎంత పడుతుందో బయల్దేరేముందే కనుక్కో. లాగిన్‌లన్నీ ఇక్కడే ఒకసారి చేసి చూసుకో.

ఇక అసలు సంగతి. హాకీ ప్రసార హక్కులు దేశం లెక్కన అమ్ముతారు. కెనడాలో వరల్డ్ జూనియర్స్ హక్కు స్పోర్ట్స్ ఛానెల్ టీఎస్‌ఎన్‌ది. నువ్వు ఇక్కడ చందా కట్టావు కదా అని ఆ హక్కు నీతోపాటు గన్నవరంలో దిగదు. నువ్వు ఎక్కడి నుంచి చూస్తున్నావో ఇంటర్నెట్ చిరునామా బట్టి కనిపెట్టి ఆపేస్తారు. అందుకని ముందు అంతర్జాతీయ సమాఖ్య ఐఐహెచ్‌ఎఫ్ సైటుకి వెళ్లి ఆ టోర్నీ పేజీలో ఏ దేశంలో ఎవరు చూపిస్తున్నారో చూడు. వాళ్లకి ఐఐహెచ్‌ఎఫ్ డాట్ టీవీ అని సొంత స్ట్రీమింగ్ ఉంది. నీ టోర్నీ అందులో ఇండియాకి ఇస్తున్నారో లేదో అక్కడే చూసుకుని డబ్బు కట్టు. పోయినసారి వచ్చింది కదా అని ఈసారి కళ్లు మూసుకుని కట్టకు, ఈ ఏర్పాట్లు టోర్నీకో రకంగా ఉంటాయి.

వీపీఎన్ (మన నెట్ వేరే దేశం నుంచి వస్తున్నట్టు చూపించే యాప్) సంగతి అడగలేదు గానీ అడుగుతావని తెలుసు. ఇండియాలో వీపీఎన్ వాడటమే నేరం అనే చట్టం లేదు. 2022లో మాత్రం, వాడేవాళ్ల వివరాలు అయిదేళ్లు దాచాలని వీపీఎన్ కంపెనీలకి కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశం ఇచ్చింది, దాంతో కొన్ని కంపెనీలు తమ సర్వర్లు ఇండియా నుంచి తీసేశాయి. చాలా స్ట్రీమింగ్ సర్వీసుల షరతులు వీపీఎన్‌ని ఒప్పుకోవు, పసిగడితే మ్యాచ్ మధ్యలోనే బొమ్మ ఆగిపోతుంది. నేను వాడను. ఫ్రీ వీపీఎన్‌ల జోలికైతే నువ్వూ పోకు.

పోటీ కెనడా వైపు జరిగితే టైమ్ మాత్రం మనకి భలే కలిసొస్తుంది. చలికాలంలో టొరంటో కన్నా ఇండియా పదిన్నర గంటలు ముందుంటుంది. టొరంటోలో రాత్రి 7:30 మ్యాచ్ మనకి మర్నాడు ఉదయం 6 గంటలకి. వరల్డ్ జూనియర్స్ మామూలుగా ఏటా డిసెంబరు 26న మొదలై జనవరి 5 దాకా, అంటే మనకి ధనుర్మాసం. ఇంట్లో ఎలాగూ అందరూ లేచే ఉంటారు. అదే మే నెలలో జరిగే పెద్దవాళ్ల ప్రపంచ పోటీ ఐరోపాలో పెడితే కథ వేరు. అక్కడ రాత్రి 8:20 మ్యాచ్ మనకి అర్ధరాత్రి పది నిమిషాలుందనగా మొదలవుతుంది. ఆ ఎండల్లో, ఆ కరెంటుతో, నా వల్ల కాదు బాబూ.

2025 వరల్డ్ జూనియర్స్ ఫైనల్ ఒట్టావాలో, నేను ఊళ్లో. కెనడా క్వార్టర్స్‌లోనే చెక్ రిపబ్లిక్ చేతిలో 4–3తో పోయింది. ఉసూరుమంటూనే అమెరికా, ఫిన్లాండ్ ఆట పెట్టుకున్నాను. నాన్న పక్కన కూర్చుని అరగంట చూసి, “బంతేదిరా?” అన్నారు. బంతి కాదు నాన్నా, పక్ అంటారు, మూడంగుళాల రబ్బరు బిళ్ల అన్నాను. ఒకణ్ని రెండు నిమిషాలు పెనాల్టీ బాక్సులో కూర్చోబెడితే మాత్రం వెంటనే పట్టేశారు. “కబడ్డీలో ఔటైనోడు బయట కూర్చున్నట్టే కదా. అవతల జట్టు గోల్ కొడితే లేచొచ్చేస్తాడా?” మామూలు రెండు నిమిషాల పెనాల్టీ అయితే అంతే. ఆఫ్‌సైడ్ రూలు (పక్ కన్నా ముందు మనవాడు అవతలి వైపు నీలి గీత దాటకూడదు) నాకు అర్థం కావడానికి ఒక సీజన్ పట్టింది. మా మావయ్య మాత్రం భోగికి ముందే కోడిపందేల బరుల లెక్కలో పడిపోయి, “వీళ్లు కొట్టుకోరా?” అని అడిగాడు. అంతర్జాతీయ పోటీల్లో కొట్టుకుంటే ఆట నుంచి గెంటేస్తారు అనేసరికి ఆసక్తి పోయి లేచి వెళ్లిపోయాడు.

ఫిన్లాండ్ 3–1తో ముందుండగా అమెరికా సమం చేసింది. ఓవర్‌టైమ్. ముగ్గురికి ముగ్గురు, ఎవరు ముందు గోల్ కొడితే వాళ్లదే కప్పు. అప్పుడు వీధిలో చిడతల చప్పుడు. హరిదాసు. అమ్మ చేతిలో దిబ్బరొట్టె అట్లకాడ, “నువ్వెళ్లి బియ్యం పొయ్యరా” అంది. దోసిట్లో బియ్యంతో గుమ్మం దిగాను, ముగ్గు తొక్కకుండా. ఆయన మోకాలు వంచారు, నేను తలమీది పాత్రలో పోశాను. ఈలోగా జేబులో ఫోన్ కుయ్‌మంది. టొరంటో నుంచి స్నేహితుడు: ‘అమెరికా!!!’. లోపలికి పరిగెత్తి చూస్తే మా తెర మీద ఇంకా ఎవరూ గోల్ కొట్టలేదు. స్ట్రీమింగ్ టీవీ కన్నా వెనక నడుస్తుంది. ఫలితం తెలిసిపోయి, ఆ గోల్ కోసం నిలబడి చూడటంలో ఒక రకం చేదు ఉంది. మ్యాచ్ అయ్యేదాకా వాట్సాప్ గ్రూపులు మ్యూట్‌లో పెట్టు.

ఇక నెట్. హెచ్‌డీలో గంటకి సుమారు 3 జీబీ అవుతుంది, విరామాలతో మ్యాచ్ రెండున్నర గంటలు. ఫోన్లో రోజుకి 2 జీబీ ప్యాక్ వేసుకుని కూర్చుంటే మూడు పీరియడ్ల ఆటలో మొదటిదే దాటదు. ఇంట్లో ఫైబర్ ఉంటే రౌటర్‌ని ఇన్వర్టర్ లైనుకి కలిపించుకో, మా పెంకుటింట్లో ఫ్యాన్ తిరుగుతూ రౌటర్ ఆగిపోయిన పూటలున్నాయి. ఫైబర్ లేకపోతే హెచ్‌డీ వదిలేసి బొమ్మ నాణ్యత తగ్గించుకో. అయితే పక్ కనపడదు, నాన్నగారిలా నువ్వూ బంతేదిరా అనాల్సి వస్తుంది.

వచ్చేటప్పుడు ఆత్రేయపురం పూతరేకులు మర్చిపోకు. బెల్లంవి.