చిప్ ముందు, టీకా తరువాత: పెంపుడు జంతువుతో దేశం మారేవారి ప్రశ్నలకు జవాబులు

కుక్కనో పిల్లినో వెంటబెట్టుకుని విదేశానికి మకాం మార్చబోతున్న పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం. ఇవి ఇంట్లో పెంచుకున్న జంతువును యజమానులే తీసుకెళ్లే సందర్భానికి చెప్పినవి. అమ్మకానికో దత్తతకో పంపే జంతువులకు నియమాలు వేరు.

ప్రశ్న: రెండు నెలల్లో కుటుంబమంతా జర్మనీ వెళ్లిపోతున్నాం. మా కుక్కకు నాలుగేళ్లు. రేబిస్ టీకా ఏటా వేయిస్తూనే ఉన్నాం, పుస్తకంలో అన్నీ రాసి ఉన్నాయి. మైక్రోచిప్ మాత్రం లేదు. ఇప్పుడు వేయిస్తే మాతోపాటే విమానం ఎక్కించవచ్చా?

జవాబు: ముందు ఒక్క సంగతి చూసుకోండి. మీరు బయలుదేరే దేశం ఐరోపా సమాఖ్య ఒప్పుకున్న దేశాల జాబితాలో ఉందా, లేదా? ఉంటే రెండు నెలలు సరిపోతాయి. లేకపోతే సరిపోవు. ఎంత ఖర్చుపెట్టినా, ఎవరితో చెప్పించినా ఆ గడువు తగ్గదు.

చిప్ లేనప్పుడు వేసిన టీకాలేవీ లెక్కలోకి రావు. ఆ సూది ఏ కుక్కకు పడిందో తేల్చి చెప్పేది చర్మం కింద పెట్టే ఆ చిప్‌లోని నంబరు ఒక్కటే. పుస్తకంలో పేరు, రంగు, ఫొటో ఉన్నా వాటిని ఆధారంగా తీసుకోరు. కాబట్టి నాలుగేళ్లుగా టీకాలు వేయించినా, కాగితాల మీద మీ కుక్కకు ఇప్పుడు వేసేదే మొదటి టీకా.

జాబితాలో లేని దేశం నుంచి వెళ్లేవారికి వరుస ఇలా ఉంటుంది. జనవరి 5న ఐఎస్ఓ 11784, 11785 ప్రమాణాలకు సరిపోయే 15 అంకెల చిప్ వేయించారనుకుందాం. స్కానర్‌తో నంబరు చదివించాక అదే రోజు రేబిస్ టీకా వేయించవచ్చు. టీకా పడ్డాక కనీసం 30 రోజులు ఆగి రక్తం తీయాలి. అంటే ఫిబ్రవరి 4కు ముందు కుదరదు. ఫిబ్రవరి 10న తీశారనుకోండి, ఐరోపా సమాఖ్య గుర్తించిన ల్యాబ్‌లో యాంటీబాడీలు మిల్లీలీటరుకు 0.5 అంతర్జాతీయ యూనిట్లు గానీ అంతకు మించి గానీ ఉన్నట్టు తేలాలి. దీన్నే టైటర్ పరీక్ష అంటారు. రక్తం తీసిన తేదీ నుంచి మూడు నెలలు నిండాలి కాబట్టి, మే 10 దాటాకే ప్రయాణం. ఫలితం వారంలో వచ్చినా సరే, గడువును లెక్కపెట్టేది రక్తం తీసిన రోజు నుంచే.

ఇక్కడ మరో చిక్కుంది. "మేం ముందు వెళ్తాం, కుక్కను తరువాత ఎవరైనా పంపిస్తారు" అని చాలామంది అనుకుంటారు. యజమాని ప్రయాణానికి ముందో వెనకో ఐదు రోజుల్లోగా జంతువు ప్రయాణిస్తేనే సొంత పెంపుడు జంతువు కింద చూస్తారు. ఆ ఐదు రోజులు దాటితే వ్యాపార రవాణా నియమాలు వర్తిస్తాయి, కాగితాలు మారిపోతాయి. అందుకే మీ ఇంట్లో ఒకరు ఆగి కుక్కతో రావడమో, గడువు నిండాక ఒకరు వెనక్కి వచ్చి తీసుకెళ్లడమో మేలు. ఈ నెలల్లో కుక్క తనకు తెలిసిన మనుషుల మధ్య, తెలిసిన ఇంట్లో ఉండేలా చూడండి. కొత్తచోట వదిలితే తిండి మానేసే కుక్కలున్నాయి.

చివరి కాగితం హెల్త్ సర్టిఫికెట్. దాన్ని ప్రభుత్వ పశువైద్యాధికారి ఇవ్వాలి, లేదా ఆమోదించి ముద్ర వేయాలి. ఇచ్చిన తేదీ నుంచి 10 రోజుల్లోగా ఐరోపా సరిహద్దులో తనిఖీ జరగాలి. ఈ పది రోజుల వ్యవధిలో సెలవులు, శనివారాలు, విమానం వాయిదాలు అన్నీ పడతాయి కాబట్టి మరీ ముందుగా తీసుకోకండి, మరీ చివరిరోజుకూ పెట్టుకోకండి.

కౌంటరు దగ్గర ఆగిపోయేవారిలో ఎక్కువమందిని ఆపేది జబ్బు కాదు, అంకెలు. కాగితాలన్నీ బల్ల మీద పరిచి, డాక్టరును స్కానర్‌తో కుక్కను చదవమనండి. తెరమీద కనిపించే 15 అంకెలను టీకా పుస్తకంతో, ల్యాబ్ రిపోర్టుతో, సర్టిఫికెట్‌తో ఒక్కొక్కటిగా వేలుపెట్టి సరిచూడండి. 1 రాయాల్సినచోట 7 పడితే, ఆ ల్యాబ్ రిపోర్టు మీ కుక్కది కానట్టే. చిప్ కొన్నిసార్లు భుజాల మధ్య నుంచి జారి ముందుకాలి వైపు చేరుతుంది. మెడ దగ్గర దొరకకపోతే ఒళ్లంతా స్కాన్ చేయించండి.

ప్రశ్న: టైటర్ ఫలితం 0.3 వచ్చింది. టీకా పనిచేయలేదా? మళ్లీ మొదటి నుంచీ మొదలుపెట్టాలా?

జవాబు: చిప్ అలాగే ఉంటుంది, టీకా మళ్లీ వేయించాలి. దాని తరువాత 30 రోజులు ఆగి మళ్లీ రక్తం తీయించాలి. మూడు నెలల గడువు ఈ రెండో రక్తం తేదీ నుంచే.

ఒక్క డోసు మీద యాంటీబాడీలు కొన్ని వారాలకు గరిష్ఠానికి చేరి, తరువాత తగ్గుతూ వస్తాయి. చిన్న వయసు కుక్కల్లో తక్కువ రావడం తరచూ చూసేదే. మొదటి టీకా వేసి చాలా నెలలైతే, పరీక్షకు ముందే బూస్టర్ వేయించడం తెలివైన పని. జపాన్ అయితే కనీసం 30 రోజుల తేడాతో రెండు టీకాలు తప్పనిసరి చేసింది. అక్కడ రక్తం తీశాక 180 రోజులు ఆగాలి, చేరడానికి కనీసం 40 రోజుల ముందు క్వారంటైన్ అధికారులకు సమాచారం ఇవ్వాలి. ఆ టైటర్ ఫలితం రెండేళ్లే చెల్లుతుంది.

ఐరోపాకైతే, ఒకసారి పాసైన ఫలితం జీవితాంతం చెల్లుతుంది. ఒకటే షరతు: బూస్టర్ గడువు ఒక్కరోజు కూడా దాటకూడదు. దాటితే తరువాత వేసేది మళ్లీ మొదటి టీకా అవుతుంది, పాత టైటర్ పోతుంది. గడువు తేదీకి రెండు వారాల ముందే బూస్టర్ వేయించేయండి.

ప్రశ్న: క్రేట్ (కుక్కను ఉంచి పంపే పెట్టె) ఎంత పెద్దది కొనాలి? దుకాణంలో "విమానానికి పనికొస్తుంది" అని రాసి ఉన్నవి చాలా ఉన్నాయి.

జవాబు: ఆ రాత మీద భరోసా పెట్టుకోకండి. విమానయాన సంస్థలు పాటించేది వాటి అంతర్జాతీయ సంఘమైన ఐఏటీఏ పెట్టిన ప్రాణుల రవాణా నియమాలు. క్రేట్ డబ్బా మీద ఏం రాశారన్నది వాళ్లు పట్టించుకోరు, మీ కుక్క అందులో ఎలా ఉందన్నదే చూస్తారు. లోపల తల పైకప్పుకు తగలకుండా నిలబడాలి, ఒక చుట్టు తిరగాలి, కాళ్లు చాపుకుని పడుకోవాలి.

టేపు తీసుకుని కుక్కను సమతలంగా నిలబెట్టండి. ముక్కు కొన నుంచి తోక మొదలు వరకు ఒక కొలత. నేల నుంచి ముందుకాలి మోచేయి వరకు రెండోది. భుజాల వెడల్పు మూడోది. నేల నుంచి నడినెత్తి వరకు, చెవులు అంతకంటే పైకి నిక్కి ఉంటే చెవి కొనవరకు, నాలుగోది. మొదటిదానికి రెండోదాంట్లో సగం కలిపితే క్రేట్ లోపలి పొడవు. మూడోదాన్ని రెట్టింపు చేస్తే వెడల్పు. నాలుగోదానికి పరుపు మందం కలిపితే ఎత్తు.

ముక్కు నుంచి తోక వరకు 70 సెంటీమీటర్లు, మోచేయి 30, భుజాలు 22, చెవి కొన 62 అనుకోండి. పొడవు 85, వెడల్పు 44, ఎత్తు 62కు పైన పరుపు. ఇవన్నీ లోపలి కొలతలు. పెట్టె మీద ముద్రించేవి చాలావరకు బయటివి, తేడా కొన్ని సెంటీమీటర్లు ఉంటుంది. చదును ముక్కు జాతులకు దీనికి మరో పది శాతం కలపాలి.

నాలుగు వైపులా గాలి రంధ్రాలుండాలి. పై భాగాన్నీ కింది భాగాన్నీ కలిపే ప్లాస్టిక్ క్లిప్పులు తీసేసి లోహపు బోల్టులు, నట్లు బిగించండి. కుదుపుల్లో క్లిప్పులు ఊడిపోయి క్రేట్ రెండుగా విడిపోతే కుక్క రన్‌వే మీదికి వచ్చేస్తుంది. చక్రాలుంటే ఊడదీయాలి, లేదా తిరగకుండా కట్టేయాలి. తలుపు లోహపు జాలీది, స్ప్రింగు గొళ్లెంతో. నీళ్ల గిన్నె, తిండి గిన్నె తలుపు లోపలి వైపు తగిలించి, తలుపు తీయకుండానే బయటి నుంచి నింపే వీలుండాలి. నీళ్ల గిన్నెలో రాత్రే నీళ్లు గడ్డకట్టించి పెడితే ఎక్కించేటప్పుడు ఒలకవు, కరిగేకొద్దీ తాగుతుంది. కింద తడిని పీల్చే షీటు పరచండి. గడ్డి వద్దు, చాలా దేశాలు దాన్ని రానివ్వవు.

క్రేట్ ప్రయాణానికి వారం ముందు కొనేది కాదు. ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే ఇంట్లో పెట్టి, తలుపు తీసి ఉంచి, భోజనం అందులోనే పెట్టండి. తరువాత ఐదు నిమిషాలు తలుపు మూసి, ఆపైన గంట, ఆపైన ఒక రాత్రి. క్రేట్‌ను తన గూడుగా తెలుసుకున్న కుక్క కార్గోలో పడుకుంటుంది. తెలియనిది తలుపును కొరికి పళ్లు విరగ్గొట్టుకుంటుంది.

ప్రశ్న: ప్రయాణమంతా నిద్రపోయేలా మత్తుమందు ఇస్తే దానికి కష్టం తెలియదు కదా?

జవాబు: ఇవ్వకండి. మత్తు వల్ల రక్తపోటు పడిపోతుంది, ఒంటి వేడిని సర్దుకునే శక్తి తగ్గుతుంది, కుదుపులో కాళ్లు నిలదొక్కుకోలేక గోడకు కొట్టుకుంటుంది. పైన గాలిలో ఊపిరి ఇబ్బంది పడితే చూసేవారుండరు. చాలా సంస్థలు మత్తులో ఉన్న జంతువును ఎక్కించుకోవు కూడా.

కార్గో అరలో గాలి పీడనం, ఉష్ణోగ్రత ప్రయాణికుల భాగంలాగే నియంత్రణలో ఉంటాయి. ప్రమాదం ఎక్కువగా నేల మీదే, ఎండలో బండి మీద విమానం కోసం ఎదురుచూసే ఆ కాసేపట్లోనే. కాబట్టి వేసవిలో రాత్రి, తెల్లవారుజాము విమానాలు చూసుకోండి. బయలుదేరడానికి నాలుగు నుంచి ఆరు గంటల ముందు కొద్దిగా తినిపించండి, నీళ్లు చివరిదాకా ఇవ్వండి. మీరు కట్టుకున్న పాత బట్ట ఒకటి ఉతక్కుండా లోపల పెట్టండి. మత్తుమందు చేయలేని పని ఆ వాసన చేస్తుంది.

ప్రశ్న: మాది పగ్. రెండు ఎయిర్‌లైన్లు ఎక్కించుకోబోమన్నాయి. ఆరోగ్యంగానే ఉంది, ఎందుకిలా?

జవాబు: పగ్, బుల్‌డాగ్, పర్షియన్ పిల్లి వంటివాటికి ముక్కురంధ్రాలు ఇరుకు, అంగిలి వెనక మెత్తని భాగం పొడవు. కుక్క చల్లబడేది ఒగర్చడం ద్వారానే. వీటికి ఆ దారి మూసుకున్నంత పని. బెదిరినా, వేడెక్కినా ఒగర్పు పెరుగుతుంది, గొంతు వాస్తుంది, గాలి ఇంకా తగ్గుతుంది. ఎయిర్‌లైన్ల భయం నిజమైనదే. బరువు హద్దులో ఉంటే క్యాబిన్‌లో తీసుకెళ్లనిచ్చే సంస్థను వెతకండి. బ్రిటన్‌కు ఆ అవకాశం లేదు, విమానంలో పెంపుడు జంతువులు కార్గోగానే దిగాలి. కార్గో తప్పకపోతే చల్లటి నెల, ఎక్కడా ఆగని విమానం ఎంచుకోండి. ఒళ్లు చేసి ఉంటే ముందు బరువు తగ్గించండి. గురక, ఆయాసం ఉన్న పగ్‌ను డాక్టరుకు చూపించకుండా టికెట్ కొనకండి.

ప్రశ్న: ఐర్లాండ్ వెళ్తున్నాం. బద్దెపురుగు మాత్ర ఎప్పుడు వేయాలి?

జవాబు: ఐర్లాండ్‌లో అడుగుపెట్టే సమయానికి 24 గంటలకు తగ్గకుండా, 120 గంటలకు మించకుండా. కుక్కలకు మాత్రమే, పిల్లులకు అక్కర్లేదు. డాక్టరే వేసి, మందు పేరు, తేదీతోపాటు గంట కూడా రాయాలి. ఇంట్లో మీరు వేస్తే చెల్లదు. ఫిన్లాండ్, మాల్టా, నార్వే, బ్రిటన్ కూడా ఇదే అడుగుతాయి.

ప్రశ్న: అమెరికాకు పిల్లిని, నాలుగు నెలల కుక్కపిల్లను తీసుకెళ్తున్నాం. రెంటికీ ఒకే కాగితాలా?

జవాబు: కాదు. 2024 ఆగస్టు 1 నుంచి అమెరికాలోకి వచ్చే ప్రతి కుక్కకూ కనీసం ఆరు నెలల వయసు, చిప్, సీడీసీ (అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ) వారి దిగుమతి ఫారం ఉండాలి. మీ కుక్కపిల్ల ఆగాల్సిందే. కుక్కల రేబిస్ ఎక్కువగా ఉన్న దేశాల నుంచి వచ్చేవాటికి టీకా ధ్రువపత్రం, టైటర్ వంటి అదనపు షరతులున్నాయి, అన్ని విమానాశ్రయాల్లోనూ దింపనివ్వరు. పిల్లికి సీడీసీ రేబిస్ ధ్రువపత్రం అడగదు. కానీ ఎయిర్‌లైన్, మీరు చేరే రాష్ట్రం అడగవచ్చు. హవాయి నియమాలు పూర్తిగా వేరు.

క్యాబిన్‌లో పిల్లి ఉంటే ఒక జాగ్రత్త. భద్రతా తనిఖీలో సంచిని ఎక్స్‌రేలో పెట్టాలి, పిల్లిని చేతుల్లోకి తీసుకోవాలి. ఆ శబ్దాల్లో బెదిరిన పిల్లి చేతిలోంచి జారిపోతుంది. ఒంటికి బిగుతైన హార్నెస్ ముందే తొడిగి తాడు మణికట్టుకు చుట్టుకోండి. విడిగా మూసిన గదిలో తనిఖీ చేయమని అడిగితే చాలాచోట్ల ఒప్పుకుంటారు.

ప్రశ్న: ఆఫ్రికన్ గ్రే చిలుకను తీసుకెళ్లవచ్చా?

జవాబు: అది 2017 నుంచి సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) మొదటి అనుబంధంలో ఉంది. మామూలుగా చేరే దేశం దిగుమతి అనుమతి ఇచ్చాకే బయలుదేరే దేశం ఎగుమతి అనుమతి ఇస్తుంది. కాలికి వేసిన ఉంగరం నంబరు, ఎక్కడ కొన్నారో చూపే రసీదు లేకపోతే దరఖాస్తు దగ్గరే ఆగిపోతారు. అనుమతులు లేకుండా తీసుకెళ్తే పక్షిని స్వాధీనం చేసుకుంటారు.

ప్రశ్న: దిగిన తరువాత ఏం చేయాలి?

జవాబు: పిల్లిని మొదటి కొన్ని రోజులు ఒకే గదిలో, పాత దుప్పటి, పాత మలమూత్రాల ట్రే దగ్గరుంచి ఉంచండి. కుక్కను కొన్ని వారాలు గొలుసు విప్పకుండా తిప్పండి, కొత్త వీధుల్లోంచి ఇంటికి దారి దానికింకా తెలియదు. ఒకరోజు దాటినా తినకపోతే, ఊపిరి బరువుగా తీస్తుంటే డాక్టరు దగ్గరికి వెళ్లండి. దిగిన రోజే చిప్ నమోదులో మీ కొత్త ఫోన్ నంబరు మార్పించండి. తప్పిపోయిన కుక్కను ఎవరో స్కాన్ చేస్తే, పాత దేశంలో మూతపడిన నంబరు మోగితే లాభం లేదు.