సొంత మినిస్ట్రీ పెట్టించాలా, సంఘానికి పంపాలా? పాస్టర్ గారి కొడుకు అడిగిన ప్రశ్న

ప్రశ్న: మాది కల్వకుర్తి దగ్గర పల్లె. మా నాయన ఎంబీ (మెనోనైట్ బ్రదరెన్ అనే ప్రొటెస్టెంట్ శాఖ) సంఘంలో పాస్టర్‌గా పనిచేసి పోయారు. జీవితాంతం సైకిల్ మీద ఊళ్లు తిరిగారు, మాకు మిగిల్చింది ఏమీ లేదు. ఇప్పుడు మా అబ్బాయి బీఎస్సీ పూర్తి చేసి, తాతలాగే సేవలోకి పోతానంటున్నాడు. హైదరాబాద్‌లో ఏడాది కోర్సు చేసి సొంత మినిస్ట్రీ, యూట్యూబ్ చానల్ పెట్టుకుంటే మేలని మా బావమరిది అంటున్నాడు. చానల్‌కు పేరు కూడా అనుకున్నాం. బీడీ (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ, పాస్టర్లు చదివే డిగ్రీ) చదివించి సంఘానికి పంపాలా, సొంతంగా పెట్టుకోనివ్వాలా? మాకు ఎస్సీ సర్టిఫికెట్ ఉంది. పల్లె పాస్టర్‌కు పిల్లనిస్తారా అన్నది ఇంకో టెన్షన్.

జవాబు: అన్నా, మీరు అడిగింది రెండు దారుల్లో ఏది మంచిదని. ఉత్తరమంతా మాత్రం మీ నాయన గురించే ఉంది. పాస్టర్ల పిల్లలు ఈ ప్రశ్న తెచ్చినప్పుడల్లా నాకు కనిపించేది ఇదే. పండుగకు కొత్త బట్టలు లేని సంవత్సరాలు, నాయన ఇంట్లో లేని రాత్రులు, ఎవరో ఇచ్చిన బియ్యంతో వండుకున్న అన్నం, ఇవన్నీ కడుపులో పెట్టుకుని వస్తారు. కొడుకు అదే బతుకు బతుకుతాడేమోనన్న భయం మీది. ఆ భయంలో తప్పేమీ లేదు. కానీ ఆ భయాన్ని పోగొట్టుకోవడానికి యూట్యూబ్ చానల్‌ను అడ్డం పెట్టుకోవడం తప్పు. మీవాడు ఇంకా ఒక్క ఊళ్లో ఒక్క చావింటికి కూడా పాస్టర్‌గా పోలేదు. మీరు అప్పుడే చానల్‌కు పేరు పెట్టేశారు. కోపం తెచ్చుకోకండి, ఇది మీకు గట్టిగానే చెప్పాలి.

మీ నాయన చేసిన పని ఎంతదో ముందు మీరు తెలుసుకోవాలి. 1889లో ఇప్పటి ఉక్రెయిన్ ప్రాంతం నుంచి మెనోనైట్ బ్రదరెన్ మిషనరీలు అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు బయల్దేరి వచ్చి నల్లగొండలో పని మొదలుపెట్టారు. 1899లో అమెరికా మెనోనైట్ బ్రదరెన్ మిషనరీలు హైదరాబాద్ చేరారు. తర్వాత నాగర్‌కర్నూల్, వనపర్తి, దేవరకొండ, కల్వకుర్తి, మహబూబ్‌నగర్, గద్వాల మిషన్ స్టేషన్లు వచ్చాయి. పుస్తకాల్లో దొరల పేర్లు ఉంటాయి. గూడేల్లోకి నడిచిపోయి, మన మాటల్లో వాక్యం చెప్పి, జ్వరం వచ్చినవాళ్ల మంచం పక్కన కూర్చున్నది మీ నాయనలాంటి తెలుగు బోధకులే. మిషనరీలు వెళ్లిపోయాక కూడా పల్లెల్లో సంఘాలు నిలిచాయంటే అది వాళ్ల చలవే.

ఆ పని ఇప్పుడు ఎలా ఉందో చెప్తాను, ఎందుకంటే మీవాడికీ అది తెలియదు. పత్తి ఏరే కాలంలో పగలు ఊళ్లో ఎవరూ దొరకరు. రాత్రి తిన్నాక, దాదాపు తొమ్మిదింటికి ప్రార్థన కూటం మొదలవుతుంది. సగం మంది కూర్చునే నిద్రపోతుంటారు. వాళ్లను లేపకుండా, విసుక్కోకుండా చిన్నగా వాక్యం చెప్పి ముగించడం ఒక విద్య. పుణెలోనో ముంబైలోనో కూలికి పోయినవాడు చనిపోతే శవం తెల్లవారుజామున అంబులెన్స్‌లో దిగుతుంది. సమాధికి స్థలం దగ్గర గొడవైతే సర్పంచ్ దగ్గరికి పోవాల్సింది పాస్టరే. తాగొచ్చి భార్యను కొట్టినవాడి ఇంటికి అర్ధరాత్రి పోవాల్సిందీ ఆయనే. ఆదివారం కానుక సంచిలో పది, ఇరవై నోట్లు పడతాయి. వంట చేసేటప్పుడల్లా పక్కకు తీసిపెట్టిన పిడికెడు బియ్యం ఆడవాళ్లు తెచ్చి పోస్తారు. కోత పండుగ రోజు ఒకే కోడిని వేలంలో కొన్నవాళ్లు మళ్లీ చర్చికే ఇచ్చేస్తే, మళ్లీ వేలం వేస్తారు. కూలీల సంఘం అలా పోగుచేసుకున్న డబ్బుతోనే చాలాచోట్ల పాస్టర్ ఇల్లు నడుస్తుంది. ఇది విని మీవాడి ముఖం చిన్నబోతే, ఇప్పుడే చిన్నబోవడం మంచిది.

ఇక సొంత మినిస్ట్రీ సంగతి. దీని మీద నాకు అనుమానాలు చాలా ఉన్నాయి, దాచను. సొంతంగా మొదలుపెట్టి నిజాయితీగా సేవ చేస్తున్నవాళ్లు నాకు తెలుసు. వాళ్లంతా ముందు ఎవరో పెద్దాయన కింద ఏళ్లపాటు పనిచేసినవాళ్లు. ఇరవై రెండేళ్ల పిల్లవాడికి కీబోర్డు, సౌండ్ సిస్టమ్, కెమెరా కొనిచ్చి కూర్చోబెడితే, అప్పు మీ మీద పడుతుంది, పొగడ్త వాడి నెత్తికెక్కుతుంది. నువ్వు తప్పు చేస్తున్నావు అని చెప్పే మనిషి పైన ఉండడు. సంఘంలో అయితే పెద్దలుంటారు, ఫీల్డ్ (చుట్టుపక్కల ఊళ్ల సంఘాల పరిధి) ఉంటుంది, కాన్ఫరెన్స్ (సంఘాలన్నిటికీ పైనున్న సంస్థ) ఉంటుంది. వాళ్లతో తలనొప్పులూ ఉంటాయి. పాత మిషన్ సంఘాల్లో ఎన్నికల గొడవలు, ఆస్తుల కేసులు లేవని నేను అబద్ధం చెప్పను. అయినా అడిగేవాళ్లు ఉన్నచోటే కుర్రాడు నేర్చుకుంటాడు. చానల్‌లో అడిగేవాడు ఎవడూ ఉండడు, లైకులు కొట్టేవాళ్లే ఉంటారు.

మీ బావమరిది మనసులో ఉన్న అసలు మాట ఫారిన్ సపోర్ట్ అయితే, ఆ లెక్క పాతబడింది. ఎఫ్‌సీఆర్ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా విదేశీ విరాళం తీసుకోవడం నేరం. మామూలుగా ఆ రిజిస్ట్రేషన్ కావాలంటే సంస్థకు మూడేళ్ల వయసుండాలి, ఆ మూడేళ్లలో పదిహేను లక్షల ఖర్చు చూపించాలి. 2020 సవరణ తర్వాత పెద్ద సంస్థ తెచ్చిన విదేశీ డబ్బును చిన్న సంస్థలకు బదిలీ చేసే వీలు కూడా పోయింది. డబ్బు రావాల్సిన ఖాతా ఢిల్లీలో స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచ్‌లోనే తెరవాలి. ఎవరో పాస్టర్ కారు చూసి మీ బావమరిది ఈ సలహా ఇచ్చి ఉంటే, ముందు ఈ నిబంధనలు ఆయనకు వినిపించండి.

ఇంకొకటి ఎవరూ చెప్పరు. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం ఇలాంటి సంఘాల పాస్టర్ పెళ్లి జరిపించాలంటే ప్రభుత్వ లైసెన్స్ ఉండాలి. ఏడాది కోర్సు సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన అది రాదు. లైసెన్స్ లేనివాళ్లు చేసిన పెళ్లిళ్లు తర్వాత సర్టిఫికెట్ దగ్గరో వీసా దగ్గరో ఇరుక్కుంటే, ఏడ్చేది ఆ దంపతులు.

చదువు గురించి అడిగారు కాబట్టి క్లుప్తంగా చెప్తాను. డిగ్రీ తర్వాత బీడీ నాలుగేళ్లు. థియాలజీ డిగ్రీలిచ్చే సెరంపూర్ సెనేట్ (బెంగాల్‌లోని సెరంపూర్ కాలేజీది) కింద ఉన్న కాలేజీ అయితే మేలు. సెరంపూర్ కాలేజీ 1818లో పుట్టింది, 1827లో డెన్మార్క్ రాజు చార్టర్‌తో డిగ్రీలిచ్చే అధికారం తెచ్చుకుంది. హైదరాబాద్ లోయర్ ట్యాంక్‌బండ్ రోడ్డులోని ఆంధ్ర క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీ దాని కిందే ఉంది. శంషాబాద్‌లో ఎంబీ వాళ్ల సొంత బైబిల్ కాలేజీ ఉంది. ఎక్కడ చేరినా అఫిలియేషన్ కాగితం కళ్లతో చూసి ఫీజు కట్టండి. సంఘం సిఫారసు అడుగుతారు, అది ముందే మాట్లాడుకోండి. ఈ డిగ్రీతో తర్వాత గవర్నమెంట్ ఉద్యోగం వస్తుందని మాత్రం లెక్కలో వేసుకోకండి.

అందుకే ముందు బీఈడీ చేయమని నా సలహా. సేవ మీద నమ్మకం లేకపోతేనే ఇంకో ఉపాధి చూసుకుంటారని కొందరు పాస్టర్లు అంటారు. నేను ఒప్పుకోను. పౌలు డేరాలు కుట్టుకుంటూనే సువార్త చెప్పాడు. మెనోనైట్ల పాత పద్ధతి చూసినా, ఎన్నో సంఘాల్లో తమలో ఒక రైతునే కాపరిగా ఎన్నుకునేవారు. ఆయన జీతం లేకుండా, సేద్యం చేసుకుంటూ సంఘాన్ని చూసుకునేవాడు. మీవాడు ప్రైవేట్ స్కూల్లో సైన్స్ చెప్తూ ఆదివారం సంఘాన్ని చూసుకుంటే మీ నాయన పడిన ఇబ్బందిలో సగం తగ్గుతుంది. కానుక తక్కువైన నెలలో సంఘ పెద్ద ముందు తల వంచుకోవాల్సిన పని ఉండదు.

సర్టిఫికెట్ గురించి నసగకుండా చెప్పాలి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవ మతంలో ఉన్నవాళ్లకు ఎస్సీ హోదా లేదు. ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్లకు మన దగ్గర బీసీ-సీ, ఒక శాతం రిజర్వేషన్. ఈ చట్టం న్యాయమైనదని నేను అనను. గుడికి పోయినా చర్చికి పోయినా ఊళ్లో మనల్ని చూసే చూపు మారదని మీకూ నాకూ తెలుసు. అయినా చేతిలో ఎస్సీ సర్టిఫికెట్ పెట్టుకుని పాస్టర్‌గా పనిచేయడం ఇక కుదరదు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టర్ కేసులో ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం రక్షణ వర్తించదని తేల్చింది. మీవాడు ఏది వదులుకుంటున్నాడో తెలిసి వదులుకోవాలి. సీటుకో ఉద్యోగానికో ఆ సర్టిఫికెట్ వాడే ఆలోచన ఉంటే, లాయర్‌ను కలవకుండా ఒక్క అడుగు కూడా వేయకండి.

పిల్లనిస్తారా అన్నారు. ఇస్తారన్నా. కానీ జీతం ఎంతో, ఇల్లు ఎక్కడో దాచి సంబంధం కలుపుకోకండి. పల్లెలో పాస్టర్ భార్య అందరికీ అమ్మగారు. స్త్రీల సమాజం, సండే స్కూల్, ఎప్పుడు పడితే అప్పుడు వచ్చేవాళ్లకు టీ, అన్నం అన్నీ ఆమె మీదే పడతాయి, దానికి పైసా జీతం ఉండదు. మీ అమ్మ ఆ పని ఎలా చేసిందో మీ ఉత్తరంలో ఒక్క మాట లేదు. ఆమె ఉంటే, మీవాడిని ముందు ఆమె పక్కన కూర్చోబెట్టి అడిగి తెలుసుకోనివ్వండి. కాబోయే అమ్మాయి నర్సో టీచరో అయితే, ఆ ఉద్యోగం మాన్పించే మాట ఎత్తకండి.

ఇప్పుడు చేయాల్సింది ఒకటే. చానల్ పక్కన పెట్టండి. మీవాడిని ఒక ఏడాది మీ ఫీల్డ్‌లో ఎవరైనా మంచి పల్లె పాస్టర్ గారి దగ్గర పెట్టండి, మీ సొంత ఊళ్లో మాత్రం వద్దు. ఈలోగా బీఈడీ ఎంట్రన్స్ రాయనివ్వండి. ఏడాది తర్వాత ఆ పాస్టర్ గారిని, మీవాడిని వేర్వేరుగా అడగండి. ఇద్దరూ ఔనంటే, బీఈడీ అయ్యాక బీడీ అప్లికేషన్ నింపండి, అప్పుడు వచ్చి నన్ను కలవండి, కాలేజీ సంగతి చూద్దాం.