వంటింటి సందేహాలు: బిబింబాప్ అన్నం ముద్దవుతోందా, పొడిపొడిగా ఉంటోందా?

వేడి అన్నం మీద విడివిడిగా వండిన నాలుగైదు కూరలు, కాస్త మాంసం, గుడ్డు, గోచుజాంగ్ అనే ఎర్రటి మిరప ముద్ద పెట్టుకుని, చెంచాతో అడుగు నుంచి పైకి కలుపుకుని తినే కొరియా అన్నం బిబింబాప్. విశాఖలో ఇళ్లలో వండుతున్నవారు పంపిన ప్రశ్నలకు ఈసారి జవాబులు.

సోనా మసూరితో చేస్తే ఫ్రైడ్ రైస్‌లా విడిపోతోందండీ. కారం ముద్ద అన్నానికి పట్టడం లేదు. ఏ బియ్యం వాడాలి?
– ఎం.వి.పి. కాలనీ పాఠకురాలు

కొరియాలో వాడేది పొట్టి గింజ బియ్యం. బియ్యపు పిండిపదార్థంలో అమైలోజ్ అనే భాగం ఎంత తక్కువుంటే అన్నానికి అంత జిగురు. ఆ బియ్యంలో అది సుమారు 15 నుంచి 20 శాతం. సోనా మసూరిలో, బాస్మతిలో అంతకంటే ఎక్కువ. అందుకే బాస్మతి వద్దేవద్దు. చిట్టి ముత్యాలు చూడటానికి పొట్టిగానే ఉన్నా, వాటి సువాసన నువ్వుల నూనె వాసనతో పోటీపడుతుంది. పెద్ద సూపర్ మార్కెట్లలో సుషీ బియ్యం పేరుతో దొరికే పొట్టి గింజ సరిగ్గా సరిపోతుంది. దాన్ని నీళ్లు తేటపడేదాకా మూడు నాలుగుసార్లు కడిగి, అరగంట నానబెట్టి, వడకట్టి, గ్లాసుకు గ్లాసుంపావు కంటే కాస్త తక్కువ నీళ్లు పోసి వండండి. మన అలవాటు కొద్దీ ఒకటికి రెండు పోస్తే జావవుతుంది.

అది దొరక్కపోతే, మామూలుగా మనం వద్దనుకునే కొత్త బియ్యమే ఇక్కడ పనికొస్తుంది. పాత బియ్యం పొడిపొడిగా ఉడుకుతుంది, కొత్తది అంటుకుంటుంది. కొత్త సోనా మసూరి గ్లాసుకు గ్లాసున్నర నీళ్లు, అరగంట నానబెట్టాక కుక్కర్‌లో రెండు విజిల్స్. దించాక పది నిమిషాలు మూత తీయకండి. గంజి మాత్రం వార్చకూడదు, మనకు కావలసిన జిగురంతా దాంతో పోతుంది.

అన్నం బాగానే వస్తోంది. కూరలు పెట్టి కలిపేసరికి అంతా చిత్తడి. కారణం ఏమిటి?
– గాజువాక పాఠకుడు

కూరల్లోంచి దిగే నీరు. బిబింబాప్ పాడయ్యేది చాలావరకు ఇక్కడే. అన్ని కూరలూ ఒకే మూకుడులో వేసి వేయించడం మొదటి తప్పు. ఒక్కో కూరలో నీరు ఒక్కో తీరున ఉంటుంది, దాన్ని తీసే పద్ధతీ వేరు.

నలుగురికి లెక్క చెబుతాను. పాలకూర 250 గ్రాములు: ఉప్పు వేసిన మరిగే నీళ్లలో అర నిమిషం ఉంచి, వెంటనే చన్నీళ్లలో వేసి, రెండు చేతులతో గట్టిగా పిండాలి. రెండు కట్టల ఆకు పిడికిలంత ముద్దగా మారితే సరిగ్గా పిండినట్టు. తరవాత తరిగి చిన్న చెంచా సోయాసాస్, చిన్న చెంచా నువ్వుల నూనె, నూరిన వెల్లుల్లి రెబ్బ, వేయించిన నువ్వుల పొడి కలపండి. కొరియా వాళ్ల లేత గుమ్మడికి బదులు మన లేత ఆనపకాయ బాగుంటుంది. 200 గ్రాములు అగ్గిపుల్లల్లా తరిగి, అర చెంచా ఉప్పు రాసి, పావుగంటాగి పిండి, పెద్ద మంట మీద ఒక్క నిమిషం వేయించండి. కీరా అయినా ఇంతే. క్యారెట్‌తో ఇబ్బంది లేదు: కాస్త నూనెలో రెండు నిమిషాలు. పుట్టగొడుగులకు ఉప్పు చివర్లోనే వేయాలి. ముందే వేస్తే నీరు ఊరి, వేగడానికి బదులు ఉడుకుతాయి. మూకుడు నిండా కుక్కినా అదే గతి.

లేత రంగు కూరతో మొదలుపెట్టి ముదురు రంగుకు వెళ్తే మధ్యలో మూకుడు కడగనక్కర్లేదు. వేయించినవి వేడి మీద గిన్నెలో పోగేసి మూత పెట్టకండి. ఆవిరి మూతకు పట్టి మళ్లీ నీరై దిగుతుంది. వెడల్పాటి పళ్లెంలో విడివిడిగా ఆరబెట్టండి. ఉప్పు ప్రతి కూరలోనూ ఒక పిసరు తక్కువే ఉండాలి, పైన వేసే ముద్దలో ఎలాగూ ఉంటుంది.

గోచుజాంగ్ బదులు ఇంట్లో ఉన్న కొరివికారం వేయొచ్చా?
– సీతమ్మధార పాఠకురాలు

వద్దండి. కొరివికారంలో చింతపండు పులుపు, మెంతి వాసన, నిలవకోసం వేసిన ఉప్పు ఉంటాయి. గోచుజాంగ్ మిరపపొడి, జిగురు బియ్యం, పులియబెట్టిన సోయా పొడి, ఉప్పు కలిపి నెలల తరబడి జాడీల్లో మాగనిచ్చేది. తీపి ముందు, కారం వెనక. మనిషికి పెద్ద చెంచాడు పడుతుంది. కొరివికారం అంత వేస్తే నోట పెట్టలేం.

నలుగురికి గోచుజాంగ్ 4 పెద్ద చెంచాలు, నువ్వుల నూనె 2, నీళ్లు 2, పంచదార 2 చిన్న చెంచాలు, వెనిగర్ 2 చిన్న చెంచాలు, వెల్లుల్లి రెండు రెబ్బలు. డబ్బా నుంచి నేరుగా వేస్తే ముద్ద అన్నంలో కలవదు, అందుకే ఈ పలచన. మరీ తప్పనప్పుడు: పెద్ద చెంచా బియ్యప్పిండిని అర గ్లాసు నీళ్లలో జావ కాచి, బ్యాడిగి మిరప కారం 2 పెద్ద చెంచాలు, బెల్లం ఒకటిన్నర, సోయాసాస్ ఒకటి కలపండి. రంగు, తీపి వస్తాయి. మాగిన రుచి రాదు.

నువ్వుల నూనె సంగతీ ఇక్కడే చెప్పాలి. కొరియా నూనె బాగా వేయించిన నువ్వుల నుంచి తీసింది, మన గానుగ నూనె పచ్చి నువ్వులది. వేయించిన నూనె సీసా చిన్నదొకటి కొనుక్కోండి. దాన్ని పొయ్యి మీద కాచకుండా, దించాక కలపండి. నా లెక్కలో ఈ వంటకు డబ్బు పెట్టాల్సినవి ఇవి రెండే, తక్కినవి రైతుబజారులో దొరుకుతాయి.

రాతి గిన్నెలో అడుగున కరకరలాడే పొర వస్తుందట. మా అమ్మమ్మ రాచిప్పలో చేయొచ్చా? ఇండక్షన్ మీద పెట్టొచ్చా?
– గోపాలపట్నం పాఠకురాలు

భేషుగ్గా చేయొచ్చు, గ్యాస్ మీదే. ఇండక్షన్ మీద రాయి వేడెక్కదు. రాచిప్ప ఇన్నాళ్లూ అటక మీదే ఉంటే ముందు నూనె, పసుపు రాసి ఒక రోజు ఉంచి, తరవాత గంజి పోసి సన్నమంట మీద కాచి చల్లారనివ్వండి. నేరుగా పెద్ద మంట మీద పెడితే పగులుతుంది.

లోపల పెద్ద చెంచా నూనె రాయండి. దీనికి మన గానుగ నూనే మేలు, ఖరీదైనది కాల్చి లాభం లేదు. గ్లాసున్నర వేడి అన్నం వేసి అంచులదాకా తేలిగ్గా అదమండి, పైన కూరలు సర్దండి. సన్నమంట మీద 5 నిమిషాలు, మధ్యస్థంగా 7 లేదా 8 నిమిషాలు. చిటపట మొదలై, పేలాల వాసన రాగానే కట్టేయాలి. మాడు వాసన వచ్చేదాకా ఆగితే ఆలస్యమే, ఎందుకంటే దించాక కూడా రాయి వేడికి అడుగు కాలుతూనే ఉంటుంది. చెక్క పీట మీద దించండి. తడి గ్రానైట్ మీద, చన్నీళ్ల కింద పెట్టకండి. రాచిప్ప లేకపోతే పోత ఇనుప మూకుడు చాలు.

కొరియాలో పచ్చసొన అలాగే వేసి వేడి అన్నంలో కలుపుతారు. గుడ్డు ఎన్నాళ్లదో తెలియనప్పుడు ఆ సాహసం వద్దు, వేయించి పెట్టండి.

బిబింబాప్‌లో వేసే మొలకలు ఇంట్లో కడితే పొట్టిగా వస్తున్నాయి.
– భీమిలి పాఠకుడు

వెలుతురు తగలకూడదు, పైన బరువుండాలి. ఎనిమిది గంటలు నానిన పెసలు చిల్లుల గిన్నెలో పోసి, తడిబట్ట, దాని మీద చిన్న పళ్లెం, బరువు పెట్టి చీకట్లో ఉంచండి. రోజుకు నాలుగుసార్లు నీళ్లు పోసి పూర్తిగా కారనివ్వాలి. అడుగున నీరు నిలిస్తే మన ఉక్కకు రెండో రోజే కుళ్లు వాసన. మూడు నాలుగు రోజుల్లో బెత్తెడు పొడవవుతాయి. రెండు నిమిషాలు ఉడికించి ఆరబెట్టండి.

కార్తీకంలో గుడ్డు, వెల్లుల్లి మానేస్తాం. అప్పుడెలా?
– మధురవాడ పాఠకురాలు

గుడ్డు బదులు టోఫు, అంటే సోయా పనీర్: బట్టలో చుట్టి అరగంట బరువు కింద పెట్టి, ముక్కలు కోసి రెండు వైపులా ఎర్రగా కాల్చండి. వెల్లుల్లి తీసేసి నువ్వుల పొడి పెంచండి. గోచుజాంగ్ డబ్బా మీద పచ్చచుక్క ఉన్నా పదార్థాల జాబితా చదవండి. కొన్నిట్లో వెల్లుల్లి, ఉల్లిపాయల పొడి, పాడవకుండా కాస్త ఆల్కహాల్ కలుపుతారు.

పిల్లల క్యారేజీలో పంపొచ్చా?
– కంచరపాలెం పాఠకురాలు

రాతి గిన్నెది కాదు, మామూలుది పంపండి. అన్నం, కూరలు పూర్తిగా చల్లారాకే సర్దాలి, కారం ముద్ద వేరే చిన్న డబ్బాలో. గుడ్డు సొన గట్టిపడేదాకా వేయించాలి. మొలకలు మానేయండి, మధ్యాహ్నానికి అవే ముందు పాడవుతాయి. పాలకూర, క్యారెట్ ముందురోజు రాత్రి చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు, అన్నం మాత్రం పొద్దున్నే వండాలి. ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం గట్టిపడి, ఆవిరి పట్టకపోతే ముద్ద కలవదు.