వాటర్ పంపుతో పాటు థర్మోస్టాట్ హౌసింగ్ కూడా మార్చాలా? వాల్వ్ పీకేస్తే సరిపోదా?

మీరడిగినవి రెండు. పంపు ఎలాగూ కారుతోంది, మేస్త్రి హౌసింగ్ కూడా మార్చమంటున్నాడు, అవసరమా అన్నది ఒకటి. "వైజాగ్ ఎండలకి థర్మోస్టాట్ ఎందుకు, పీకేసి తిప్పుకో" అని తోటి డ్రైవరు చెప్పిన మాట వినొచ్చా అన్నది రెండోది. థర్మోస్టాట్ అంటే వేడిని బట్టి రేడియేటర్‌కి నీళ్ళు వదిలే వాల్వ్, హౌసింగ్ అంటే అది కూర్చునే లోహపు గూడు. హౌసింగ్ సంగతి విప్పి చూస్తే గానీ తేలదు. వాల్వ్ మాత్రం పీకొద్దు.

మాది కమిన్స్ 5.9 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్. పోర్టులో లోడెత్తుకుని సాలూరు ఘాట్ మీదుగా రాయ్‌పూర్ వైపు వెళ్తాం. సుంకి చెక్‌పోస్టు దాకా ఫుల్ లోడుతో తక్కువ గేర్లో ఎక్కేటప్పుడు వేడి ముల్లు మీదే కళ్ళుంటాయి. అందుకే ఈ వాల్వ్ గొడవ మా గాజువాక ఆటోనగర్‌లో వినని రోజుండదు.

వాల్వ్ లేకపోతే నీళ్ళన్నీ రేడియేటర్‌కే పోతాయని చాలామంది అనుకుంటారు. పోవు. ఈ ఇంజన్లో వాల్వ్ మూసుకుని ఉన్నంతసేపు నీళ్ళు బైపాస్ దారిలో తిరిగి పంపుకే వస్తాయి. వేడెక్కి వాల్వ్ తెరుచుకున్నప్పుడు అదే ఆ బైపాస్‌ని మూస్తుంది. పీకేశారనుకోండి, బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. సులువు దారి దొరికిన వేడి నీళ్ళు రేడియేటర్ మొహం చూడకుండానే ఇంజన్లోకి వచ్చేస్తాయి. ఘాట్‌లో వేడెక్కుతుంది, తెల్లవారుజామున ఖాళీ బండి దిగేటప్పుడేమో చల్లబడిపోతుంది. చల్లటి ఇంజన్లో డీజిల్ సరిగా కాలదు, తెల్లపొగ వస్తుంది, ఆయిల్లో డీజిల్ కలుస్తుంది.

కొత్త వాల్వ్ కొన్నాక బిగించే ముందే గిన్నెలో నీళ్ళు పోసి, దారంతో వేలాడదీసి (అడుగుకి తగలకూడదు) స్టవ్ మీద మరిగించి చూడండి. మా ఇంజన్‌ది 83 డిగ్రీల దగ్గర కదలడం మొదలుపెట్టి, 95కి పూర్తిగా తెరుచుకోవాలి. మీ దాని మీద ఎంత చెక్కి ఉందో చూసుకోండి. డూప్లికేట్లు ఎక్కువ కాబట్టి ఈ పది నిమిషాల పని దండగ కాదు.

ఇక పంపు. అడుగున చిన్న కన్నం ఉంటుంది, కారడానికే పెట్టింది అది. లోపలి సీలు పోతే నీళ్ళు బేరింగ్‌లోకి పోకుండా అక్కడ బయటికొస్తాయి. తడి కనబడకపోయినా, ఆ కన్నం కింద కూలెంట్ ఎండిన తెల్లటి చార ఉందేమో చూడండి. బెల్ట్ తీసి పులీని చేత్తో ఊపితే టకటకమంటే బేరింగ్ కూడా పోయినట్టే. ఆ కన్నంలో ఎంసీల్ కుక్కిన బండ్లు కూడా చూశాను. వాళ్ళకో దండం.

ఈ ఇంజన్లో పంపు విప్పడం సులువు. కూలెంట్ దింపి, బెల్ట్‌ని బిగువుగా ఉంచే టెన్షనర్ వెనక్కి లాగి బెల్ట్ తీస్తే, పంపుని పట్టుకున్నవి రెండు బోల్టులే. 13 నంబర్ పానా చాలు. పంపు ఆనే చోటు శుభ్రం చేసి కొత్త రబ్బరు రింగు పెట్టండి. షెల్లాక్ (అతుకుల్లో పూసే జిగురు) పూయొద్దు, రింగు జారుతుంది. బోల్టులు 24 న్యూటన్ మీటర్లకే. టార్క్ రెంచ్ లేకపోతే ఆటోనగర్‌లో ఎవరినైనా అడిగితే ఇస్తారు.

అసలు చిక్కు హౌసింగ్‌తోనే. ఉప్పదనం ఉన్న బోరు నీళ్ళు పోసి నడిపిన బండ్లలో హోస్ పైపు తొడిగే అంచు కింద అల్యూమినియం పురుగు తిన్న వంకాయలా గుంటలు పడి ఉంటుంది. పైకి నున్నగానే కనిపిస్తుంది, హోస్ లాగితే బయటపడుతుంది. గుంటలుంటే ఎంత క్లిప్పు బిగించినా కారుతుంది. అలాగే హౌసింగ్ ఇంజన్‌కి ఆనే తలం మీద స్టీలు స్కేలు నిలువుగా పెట్టి వెలుతురుకి ఎదురుగా చూడండి, కింద సందు కనిపిస్తే వంగినట్టే. ఈ రెండూ లేకపోతే పాతదాన్నే గీకి, కొత్త ప్యాకింగ్‌తో వాడుకోవచ్చు. ఉన్నాయంటే మీ మేస్త్రి మాట నిజమే.

తుప్పు పట్టిన హౌసింగ్ బోల్టుని ఒకేసారి విప్పబోతే సిలిండర్ హెడ్‌లోనే విరుగుతుంది. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ పోసి, పొద్దున్న కొంచెం బిగించి, తర్వాత విప్పండి.

నీళ్ళు పోసేటప్పుడు తొందరపడొద్దు. సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ కలిపి, నెమ్మదిగా, గాలి పైకి వచ్చేలా పోయండి. పైన టెంపరేచర్ సెన్సార్‌ని కొద్దిగా వదులు చేసి, బుడగల్లేని ధార వచ్చాక బిగించండి. గాలి చిక్కుకుంటే కొత్త పంపు పెట్టినా ముల్లు ఎగురుతుంది. పాత ప్రెషర్ మూత కూడా మార్చేయండి. ప్రతి పౌండు పీడనానికీ మరిగే స్థానం సుమారు ఒకటిన్నర డిగ్రీలు పెరుగుతుంది, మూత సీలు వదులైతే ఆ లాభం పోతుంది. వేడిగా ఉండగా మూత మాత్రం ముట్టుకోకండి.

మీ ఇంజన్ ఏదో మీరు రాయలేదు. కమిన్స్ అయితే ఇంజన్ మీది డేటా ప్లేటులో సీరియల్ నంబరుంటుంది. ఆ నంబరు చూపించే పార్టులు తీసుకోండి, పంపు పాతదాని పక్కన పెట్టి పులీ సైజు చూసుకునే డబ్బులివ్వండి.